పోతుతాటికి కాయలు పెట్టను

మా బడి గోడ మీద చెట్ల బొమ్మ వేయాలన్నప్పుడు కరస్పాండెంట్ గారు ఫోన్లో ఒక ఫొటో చూపించారు. మంచు కొండలు, వాటి కింద మొనదేలిన చెట్లు. ఫ్లెక్స్ కొట్టించేద్దాం అన్నారు. తెనాలి పిల్లలకు ఆ చెట్లతో పనేంటని నాకు ఒళ్ళు మండింది. తొమ్మిదేళ్ళుగా అక్కడ డ్రాయింగ్ చెబుతున్నాను, తొమ్మిదేళ్ళుగా ఆ గోడ అడుగుతున్నాను. తాటిచెట్టు దగ్గర కూర్చుని, చూసి గీస్తానని పట్టుబట్టాను. ఆదివారం సాయంత్రంలోగా బొమ్మ పంపమన్నారు.

సూర్యలంక దారిలో తాళ్ళు వరసలుగా ఉంటాయని విన్నాను. అలా మార్చిలో ఒక ఆదివారం ఉదయం ఆరున్నరకల్లా తెనాలి స్టేషన్లో ఉన్నాను. ప్యాసింజరులో బాపట్లకు గంట పైనే పట్టింది. స్టేషన్ బయట రెండిడ్లీలు తిని సూర్యలంక వెళ్ళే షేర్ ఆటో ఎక్కాను, మనిషికి ముప్ఫై. సగం దారిలో కాలవ గట్టున తాళ్ళ వరస కనిపించి ఆపమన్నాను.

"ఇక్కడేం లేదు మేడం, బీచి ముందుంది" అన్నాడు డ్రైవరు.

"నేను చెట్టు కోసమే వచ్చానండి" అన్నాను. ఎగాదిగా చూసి దింపేశాడు.

రెండు గంటలు గీశాను. మట్టల అంచున రంపపు పళ్ళు, మాను చుట్టూ రాలిన మట్టల గుర్తులు, ఒక్కటీ వదల్లేదు. ఇంతలో పక్క చెట్టు మీంచి కల్లు కుండతో ఒకాయన దిగి, నా బొమ్మ వైపు కాసేపు చూశాడు.

"బాగానే ఉందమ్మా. కాయలెక్కడివి?"

"చెట్టువే కదా బాబాయ్."

"ఇది పోతుతాడమ్మా, కాయదు. ఆ వేలాడేది పూత. సరిగ్గా చూడు."

తలెత్తి చూశాను. ఒక్క కాయ లేదు. చిన్నప్పట్నుంచీ రేపల్లె ప్యాసింజరు కిటికీలోంచి చూసినవీ ఇలాంటి చెట్లే. తాడంటే కాయలుండాలని చేతికి అలవాటైపోయింది, పిల్లలకూ అదే నేర్పాను. తల కొట్టేసినట్టయింది. ఆయన మాత్రం నవ్వలేదు. "కాసేది అవతల ఉంది, రామ్మా" అని తీసుకెళ్ళి పెంటితాడు చూపించాడు. మొదటి చెట్టుకు కాయలు తుడిచేసి, దాని పక్కనే రెండోదాన్ని గీశాను.

మూడింటికి బాపట్ల స్టేషన్లో కూర్చుని బొమ్మ ఫొటో పంపితే, కరస్పాండెంట్ గారి నుంచి వెంటనే ఫోనొచ్చింది.

"ఒకదానికి కాయల్లేవేంటి మేడం? నాలుగు పెట్టేయండి, నిండుగా ఉంటది."

"అది పోతుతాడు సార్. కాయదు."

"ఎవరికి తెలుస్తుంది మేడం? పెట్టకపోతే ఫ్లెక్సే."

"ఫ్లెక్సే వేయించుకోండి సార్. లేని కాయ నేను పెట్టను."

అన్నంత పనీ చేశారు. గోడ మీద ఇప్పుడు మంచు కొండలున్నాయి. బాధ లేదంటే అబద్ధం. కానీ ఆ సోమవారమే ఆరో తరగతి పిల్లల చేత పాత డ్రాయింగ్ పుస్తకాలు తెరిపించి, తప్పు నేర్పింది నేనేనని చెప్పాను. తర్వాత వాళ్ళను అంగలకుదురు వైపు పొలాల గట్టుకు తీసుకెళ్ళాను. ఏ తాడు ఏదో వాళ్ళే చూసి గీశారు. ఆ బొమ్మలు క్లాసులో బోర్డుకు అటూ ఇటూ అంటించాను. తీసేయమని ఇంకా ఎవరూ అనలేదు. అన్నా తీయను.

మీరూ బొమ్మలు గీయడానికి అటు వెళితే ఒక్క మాట. తాటి కింద నీడ నిలవదు, పదింటిలోపే పని కానివ్వండి. గీసింది ఆ చెట్టెక్కే మనిషికి చూపించాకే రైలెక్కండి.