కూర్మారావు మావ అప్పగింతలు

జీడిపిక్కలు కాల్చే పొగ గొంతులో పడితే, పక్కనే కూర్మారావు మావ దగ్గినట్టు ఉంటుంది నాకు. పలాసలో ఆయన ఇంటర్నెట్ సెంటరు జీడి బట్టీల వీధిలో ఉండేది. కిటికీ మూస్తే ఉక్క, తీస్తే ఆ ఘాటు. ఆయన తీసే ఉంచేవాడు. చుట్టరికం లేదు, మావ అన్నది పిలుపు మాత్రమే. టెక్కలి గ్రంథాలయంలో ఉన్న కంప్యూటరు పుస్తకాలన్నీ చదివేసిన గర్వంతో, రెండువేల సంవత్సరం దాటిన తొలి ఏళ్లలో ఆయన దగ్గర పనికి చేరాను. "పుస్తకాల్లో ఉన్నదంతా వచ్చు మావా" అన్నాను. "అయితే కూకో. లేనిది నేను సెప్తాను" అన్నాడు.

తెలుగు టైపు చేసుకునే ప్రోగ్రామొకటి రాసి, ఆయన దాన్ని ఉచితంగా ఇంటర్నెట్‌లో పెట్టాడు. లోపలి కోడు కూడా అందరికీ తెరిచే ఉంచాడు. ఎక్కడెక్కడి వాళ్లో వాడి, తప్పులు పట్టి, దిద్ది పంపేవారు. ఏది చేర్చాలో, ఏది వద్దో తేల్చేది ఆయనొక్కడే. ఒకరోజు ఆయన టీకి వెళ్లినప్పుడు, ఎప్పటినుంచో అలాగే వదిలేసిన చిన్న తప్పొకటి కనబడితే దిద్దేశాను. మెచ్చుకుంటాడనుకున్నాను.

"ఎవుడు దిద్దమన్నాడు నిన్ను?"

"తప్పు కదా మావా!"

"నాకు తెల్దేటి? కొత్తోడెవుడైనా వచ్చి మొదటిసారి సెయ్యి పెడతాడని అట్టిపెట్టినాను. పసోడి ముద్ద లాక్కుని తినీసినట్టుంది నీ పని."

దిద్దినదాన్ని వెనక్కి తీయించాడు. తెలిసిన తప్పును ఇంకొకరి కోసం అలా ఉంచవచ్చని నేను ఏ పుస్తకంలోనూ చదవలేదు. మరోసారి, ఎవరో పంపిన దిద్దుబాటు చూసి పకపకా నవ్వాను. "నవ్వడం అయిపోనాదా? ఇప్పుడు ఆడికి జవాబు రాయి. ముందు ఏది బాగుందో సెప్పు. తరవాత ఎందుకు తీసుకోలేమో సెప్పు. వద్దన్నా ఆడు మళ్లీ రావాల" అన్నాడు.

ఆయనది కవిటి. ఆ ఉద్దానం ప్రాంతంలో ఎందరికో పట్టిన కిడ్నీ జబ్బే ఆయననూ పట్టింది. డయాలసిస్‌కని విశాఖ రైలెక్కిన రోజుల్లో వచ్చిన దిద్దుబాట్లన్నీ పేరుకుపోయేవి. తిరిగొచ్చాక కుర్చీలో కూర్చునే ఓపిక ఉండేది కాదు. ఒకసారి ఎవరో "ఈ ప్రోగ్రాము బతికే ఉందా?" అని రాశారు. మావ అది చదివాడు. ఆ వారమే ప్రోగ్రాము పాస్‌వర్డులు నాకూ, దిద్దుబాట్లు పంపేవాళ్లలో తను ఎన్నడూ ముఖం చూడని మరో ఇద్దరికీ ఇచ్చేశాడు.

"ముక్కూమొహం తెలీనోళ్లకెందుకు మావా? నేనున్నాను కదా!"

"నేనూ అలగే అనుకున్నాను అల్లుడూ, నేనున్నాను కదా అని." సూదులు గుచ్చి గుచ్చి ఉబ్బిన చెయ్యి చాపి చూపించాడు. "నువ్వూ మడిసివే కదా."

ఆ తర్వాత ఏది అడిగినా ఒకటే మాట: "నన్నడక్కు. మీరు ముగ్గురూ తేల్సుకోండి." చెప్పాలని ఆయన పెదవులు కదలడం నాకు తెలుస్తూనే ఉండేది. బిగపట్టుకుని కిటికీ వైపు తిరిగేవాడు.

ఆయన పోయిన రోజు నేను కవిటిలో, కొబ్బరితోట పక్కన చితి దగ్గర ఉన్నాను. మర్నాడు ఆ ఇద్దరికీ కబురు రాద్దామని సెంటరు తెరిచాను. దిద్దుబాట్లేవీ పేరుకుపోలేదు. వచ్చిన ప్రతిదానికీ వాళ్లు జవాబిచ్చారు. ఒకదాన్ని ఎంతో మర్యాదగా వద్దన్నారు కూడా. మావ లేడని వాళ్లకింకా తెలియదు.

ఇప్పటికీ ఆ పని చూసేవాళ్లలో నేనొకడిని. ఎవరిని వద్దన్నా, మళ్లీ రావాలనిపించేలానే రాస్తాను. తను లేకపోయినా పని ఆగకూడదని మావ కోరుకున్నాడు. ఆగలేదు. ఆయన పోయిన ఆ ఒక్కరోజైనా ఆగి ఉంటే బాగుండునన్న బాధ మాత్రం ఇన్నేళ్లయినా నన్ను వదలలేదు.