కళ్ళు మూసుకున్న మొహానికి అచ్చు

రెండు వేల సంవత్సరం దాటిన కొత్తలో నేను రాజమండ్రి ఊరి చివర, అచ్చులు తయారుచేసే ఒక మోల్డుల షెడ్డులో డిజైన్ పని చేసేదాన్ని. కింద మెషిన్ల దగ్గర అందరూ మగవాళ్ళు. పైన ఏసీ గదిలో కంప్యూటరూ నేనూ. దుమ్ము పడకూడదని ఆ గది తలుపు ఎప్పుడూ వేసే ఉంచేవారు. కింద ఎవరో ఏదో అంటే అందరూ గొల్లున నవ్వడం వినిపించేది గానీ ఏమన్నారో తెలిసేది కాదు. మధ్యాహ్నం వాళ్ళంతా ఒకచోట కూర్చుని క్యారేజీలు విప్పుకునేవారు. నేను వెళ్తే మాటలు ఆగిపోయేవి. అందుకని పైనే తినేదాన్ని. సాయంత్రమైతే లేడీస్ హాస్టలు. నా గదిలో ఉండే అమ్మాయి పెళ్ళయి వెళ్ళిపోయింది. రెండో మంచం మీద నా ఉతికిన బట్టలు పెట్టుకునేదాన్ని.

ఒక వేసవిలో ఫైబర్ బొమ్మలు చేసే ఆయన మా ఓనరుగారి దగ్గరికి వచ్చారు. చీరల షాపుల్లో నిలబెట్టే బొమ్మలు. అప్పటిదాకా వాటికి దొరసానుల ముక్కూ మొహమే. "మన ఆడవాళ్ళలా ఉండాలండి" అని ఒక షాపు వాళ్ళు అడిగారట. ఆయన తన అక్కగారిని హైదరాబాద్ తీసుకెళ్ళి, మొహం స్కాన్ చేయించి, ఆ ఫైలు సీడీలో తెచ్చారు.

తెరిచి చూస్తే నడివయసు దాటిన ఒక ఆడమనిషి మొహం. దగ్గరికి జరిపితే అంతా చిన్న చిన్న త్రికోణాలే, చెంపల మీద వల పరిచినట్టు. స్కానరు వెలుతురు అందని చోటల్లా, ముక్కుపుటాల్లో, చెవుల వెనక, గడ్డం కింద, ఆ వల చిరిగి కన్నాలు పడ్డాయి. ముందు వాటిని పూడ్చాలి. తర్వాత మొహం చుట్టూ ఒక దిమ్మ గీసి, ఆ దిమ్మలోంచి మొహాన్ని తీసేస్తే లోపల మిగిలే ఖాళీయే అచ్చు. దాన్ని ఎక్కడ రెండు ముక్కలు చెయ్యాలన్నదే అసలు పని. గీత తప్పితే గట్టిపడిన ఫైబర్ చెవి వెనక పట్టేసి బయటికి రాదు.

అంత పెద్ద ఫైలు ఆ కంప్యూటరుకి మొయ్యలేని బరువు. ఒక్కో మార్పుకీ చాలాసేపు బిగుసుకుపోయేది. అంతసేపూ నేను ఆ మొహాన్నే చూస్తూ కూర్చునేదాన్ని. ఎడమ చెవి కింద చిన్న గుంట. పెదవుల చివర కొంచెం కిందికి వంపు. మా అన్నయ్య మొహం కూడా నాకు అంత బాగా తెలియదు.

స్కాన్ చేసేటప్పుడు ఆ వెలుతురు పడకుండా ఆవిడ కళ్ళు మూసుకున్నారు. "కళ్ళు తెరిపించాలమ్మా. నిద్రపోయే బొమ్మనెవరు కొంటారు?" అన్నారు ఓనరుగారు. ఆవిడ ఫొటో అడిగితే ఎవరూ తెచ్చివ్వలేదు. చూసి చెయ్యడానికి గదిలో ఇంకో మనిషి లేదు. బ్యాగులోంచి చేతద్దం తీసి మానిటరుకి ఆనించి, నా కళ్ళు చూసుకుంటూ ఆ రెప్పలు తెరిచాను.

మోల్డు బాగానే కుదిరింది. పని అయిపోయిందని ఫైలు మూసేసిన రోజు నాకు ఏమీ తోచలేదు.

ఆ చలికాలం అన్నయ్య వాళ్ళింటికి వెళ్ళి తిరిగొస్తూ, సామర్లకోట స్టేషన్లో పాసింజరు కోసం కూర్చున్నాను. పక్క బెంచీ మీద ఒకావిడ అరటిపండు వలుస్తున్నారు. అటు తిరిగేసరికి ఎడమ చెవి కింద గుంట. అయినవాళ్ళు కనిపించినట్టు లేచి ఎదురుగా వెళ్ళి నిలబడ్డాను. ఆవిడ కొత్తవాళ్ళని చూసినట్టు చూశారు. మరి ఇంకెలా చూస్తారు?

"మీ తమ్ముడుగారు ఫైబర్ బొమ్మలు చేస్తారు కదండి? మీ మొహానికి మోల్డు చేసింది నేనేనండి."

ఆవిడ నవ్వి, జరిగి చోటిచ్చారు. "ఆయన పోయిన దగ్గర్నుంచీ తమ్ముడి దగ్గరే ఉంటున్నానమ్మా. వాడడిగితే కాదనలేక స్కానుకి కూర్చున్నాను. ఆ బొమ్మకి పట్టుచీర కట్టి పూలు పెట్టారంట. మా మరదలు చూసొచ్చి చెప్పింది."

"మీరు చూడలేదాండి?"

"ఏమని వెళ్తాను? చీర కొనేదాన్నా నేను?" అన్నారు. రైలెక్కి కూర్చున్నాక, కిటికీలోంచి చూస్తూ, "నువ్వు తోడొస్తావా?" అని అడిగారు.

తర్వాతి ఆదివారం నేను వెళ్ళే చర్చి అవగానే మెయిన్ రోడ్డులో ఆ షాపుకి వెళ్ళాం. గుమ్మం పక్కనే నిలబడి ఉంది బొమ్మ. ఎర్ర పట్టుచీర, బొట్టు, జడనిండా పూలు. ఆవిడ తన వాయిల్ చీర చెంగు భుజం చుట్టూ కప్పుకుని చాలాసేపు చూశారు.

"ఏం చూపించమంటారండి?" అన్నాడు సేల్స్‌మాన్.

"ఏం వద్దు బాబూ. ఊరికే చూస్తున్నాం." తర్వాత నాతో మెల్లగా, "ముక్కు నాదే, మూతీ నాదే. కళ్ళు మాత్రం..." అని నా వైపు తిరిగారు. "నీవి కదమ్మా?"

"మీ ఫొటో దొరకలేదండి."

"మంచిదే అయింది. నా కళ్ళయితే ఆ చీరలో అంత నిబ్బరంగా నిలబడేవి కావు." బొమ్మ భుజం మీంచి జారిన పైట సర్ది బయటికొచ్చేశారు.

ఆ తర్వాత అప్పుడప్పుడు ఆదివారాలు హాస్టలుకి వచ్చేవారు. వరండాలో బెంచీ మీద కూర్చునేవాళ్ళం. పెద్దగా మాటలుండేవి కావు. ఆవకాయో, జంతికలో తెచ్చి, నేను తింటుంటే చూసేవారు. మరుసటి ఏడాది తమ్ముడుగారు వర్క్‌షాపు విశాఖపట్నం మార్చేశారు. వాళ్ళు వెళ్ళే రోజు నేను పనిలో ఉన్నాను.

కొన్నాళ్ళకి ఒక సాయంత్రం వార్డెన్‌గారు, "నీకు ఫోనొచ్చిందమ్మా. ఎవరో పెద్దావిడ" అన్నారు.

"ఏమన్నారండి?"

"నువ్వింకా రాలేదన్నాను. వేళకి తింటోందా అని అడిగి పెట్టేశారు."

"నంబరేమైనా ఇచ్చారాండి?"

"లేదమ్మా."

ఓనరుగారి దగ్గర తమ్ముడుగారి పాత రాజమండ్రి నంబరే ఉంది. కొద్ది రోజులు షెడ్డు నుంచి పెందలాడే వచ్చి, పేపరు చదువుతున్నట్టు ఫోను బల్ల దగ్గర కూర్చున్నాను. మోగినప్పుడల్లా వేరే అమ్మాయిల కోసమే. వాళ్ళని కేకేసి పిలిచేదాన్ని. కొన్నాళ్ళకి అదీ మానేసి, రాగానే గదిలోకి వెళ్ళిపోవడం మొదలుపెట్టాను.