బోలు చుక్కలు

బ్రిస్బేన్‌లో నా మొదటి ఉద్యోగం గీతలు గీయడం. వృద్ధుల సంరక్షణ కేంద్రాలకు సాఫ్ట్‌వేర్ చేసే చిన్న కంపెనీ మాది. అక్కడుండే పెద్దవాళ్ల బీపీ, బరువు, రోజూ తాగిన నీళ్లు నర్సులు టాబ్లెట్‌లో ఎక్కిస్తారు. ఆ అంకెలన్నిటినీ తెర మీద చార్టులుగా చూపించే జావాస్క్రిప్ట్ రాయడం నా పని. ఖమ్మంలో ఇంజినీరింగ్ చదివి, ఇక్కడ యూనివర్సిటీలో మాస్టర్స్ చేసి, పదుల కొద్దీ ఇంటర్వ్యూలయ్యాక దొరికిన ఉద్యోగం. ఏ పని ఇచ్చినా ఒళ్లు దాచుకోకుండా చేసేదాన్ని. మెచ్చుకుంటే బాగుండునని ఎదురుచూసేదాన్ని కూడా.

బరువు చార్టు నా చేతికి వచ్చేసరికే పాతది. నాకన్నా ముందు పనిచేసి మానేసిన ఎవరో రాసింది. ముదురు నీలం రంగులో లావుపాటి గీత, వారానికొక పెద్ద చుక్క. ఆ వారం బరువు చూసి ఉంటే చుక్క నిండుగా ఉండేది. మనిషి ఒప్పుకోకపోయినా, ఇంకే కారణం వల్ల చూడలేకపోయినా, పోయిన వారం అంకె దగ్గరే బోలు చుక్క పడేది. అక్కడిదాకా గీత కూడా బూడిద రంగులో తెగి తెగి వచ్చేది. కొందరి చార్టులు అతుకులేసిన దుప్పటిలా ఉండేవి.

ఒకరోజు మా మేనేజర్ నా కుర్చీ వెనక నిలబడి దాన్ని చూశాడు. మంచి మనిషి, ఎప్పుడూ గొంతు పెంచేవాడు కాదు. "వచ్చే నెల ఒక పెద్ద సంస్థ వాళ్లు మన ప్రాడక్ట్ చూడ్డానికి వస్తున్నారు. దీన్ని కాస్త క్లీన్‌గా చెయ్యగలవా?" అన్నాడు.

అంతే అన్నాడు. చుక్కలు తీసెయ్యమనలేదు, గీతలు కలిపెయ్యమనలేదు. ఆ రెండూ నా సొంత బుర్రకు తట్టినవే.

వారం రోజులు దాని మీదే కూర్చున్నాను. చుక్క సైజును సున్నా చేశాను. గీతను సన్నం చేసి, మలుపుల దగ్గర నునుపు చేశాను. తెగిన చోట్లు అతికించి అంతా ఒకే గీతగా కలిపాను. రంగు కోసం ఎన్ని ఆకుపచ్చలు, ఎన్ని నీలాలు మార్చి చూశానో! చివరికి రెండూ కలిసిన ఒక చల్లటి రంగు కుదిరింది. గీత కింద అదే రంగు పల్చగా పరిచాను. బోలు చుక్కల మాట నాకు గుర్తు రాకపోలేదు. తెర మీద వేలు పెడితే చిన్న డబ్బా తెరుచుకుని ఆ వారం వివరం చెప్తుంది కదా, చాల్లే అనుకున్నాను. కానీ పాత కోడ్‌లో బరువు చూడని వారానికి పోయిన వారం అంకెనే వేసే పద్ధతి అలాగే ఉంది. దాని జోలికి నేను పోలేదు. అంటే, బరువు చూడని వారాల్లో కూడా నా అందమైన గీత ఏమీ ఎరగనట్టు తిన్నగా ముందుకు పోతుంది.

డెమో రోజు మేనేజర్ అందరి ముందూ నా పేరు చెప్పాడు. ఆ సాయంత్రం స్ప్రింగ్‌ఫీల్డ్ రైల్లో కూర్చుని ఆ చార్టు స్క్రీన్‌షాట్‌ను ఫోన్‌లో నాలుగైదుసార్లు తీసి చూసుకున్నాను.

నేనుండే స్ప్రింగ్‌ఫీల్డ్ లేక్స్‌లో రెండు వీధుల అవతల ఒక అక్క ఉండేది. చోడవరం వైపు మనిషి, వృత్తికి నర్సు. మా సాఫ్ట్‌వేర్ వాడే కేంద్రాల్లో ఒకదానిలో ఒక వింగ్ మొత్తం ఆమె చూసుకునేది. నేను వచ్చిన కొత్తలో, నాకింకా కారు లేనప్పుడు, శనివారాలు సరుకులకు తన కారులో తీసుకెళ్లేది. జ్వరమొస్తే చారు కాచి తెచ్చేది. నాకు ఆ ఊళ్లో మొదట దొరికిన మనిషి ఆమే.

కొత్త చార్టులు ఎలా వాడాలో చూపించడానికి నన్ను వాళ్ల కేంద్రానికి పంపారు. అక్క నన్ను వెంటబెట్టుకుని వింగంతా తిప్పింది. కిటికీ పక్క వాలుకుర్చీలో ఒక ముసలాయన ఉన్నాడు. చిన్నప్పుడే ఇటలీ నుంచి వచ్చి, ఉత్తర క్వీన్స్‌లాండ్‌లో జీవితమంతా చెరకు పండించినవాడట. అక్కది కూడా చెరకు పండే ప్రాంతమని తెలిసిన దగ్గర్నుంచీ ఆమెతో చెరకు కబుర్లేనట. బెల్లం వండటం గురించి ఎన్నిసార్లు చెప్పినా మళ్లీ అడిగేవాడట.

"బరువు చూస్తానంటే చాలు, ఈయన మొండికేస్తాడు" అంది అక్క తెలుగులో. తర్వాత ఆయనతో ఇంగ్లీషులో, "మీ చార్టు గీసే అమ్మాయి ఈ అమ్మాయే" అంది.

ఆయన టాబ్లెట్ అడిగి తీసుకుని కళ్లద్దాలు సర్దుకున్నాడు. కాసేపు చూశాడు. "నేను వద్దన్న వారాలేవి ఇందులో?" అని అడిగాడు.

అక్క నవ్వింది. "పాత చార్టులో బోలు చుక్కలుండేవి కదమ్మా, అవి ఈయనకి చూపించేదాన్ని. ఈ నెల్లో మీరు రెండుసార్లు నన్ను ఓడించారు అని. తెగ సంబరపడేవాడు."

నేనూ నవ్వేశాను. వేలు పెడితే కనిపిస్తాయని చూపించాను. ఆయన వేలు వణుకుతూ గీతకు అటూ ఇటూ పడింది తప్ప డబ్బా తెరుచుకోలేదు. "గతంలో ఇది నాలా ఉండేది. ఇప్పుడు ఎవరిలానో ఉంది" అని టాబ్లెట్ తిరిగిచ్చేశాడు. సరదాగా అన్న మాటగానే తీసుకున్నాను.

తిరిగి వచ్చేటప్పుడు కారులో అక్క మళ్లీ ఎత్తింది. "ఏటమ్మా, ఆ చుక్కలు మళ్లీ పెట్టెయ్యకూడదా? మాకు ఒక్కొక్కరికీ వేలు పెట్టి చూసే టైమ్ ఎక్కడుంటాది? పైగా చేతులకి గ్లవ్స్. ఇదివరకు దూరం నుంచి చూసినా తెలిసిపోయేది, ఎవరి బరువు తప్పిపోయిందో."

"టికెట్ వేస్తానక్కా" అన్నాను.

వేశాను కూడా. మా దగ్గర ప్రతి మార్పుకూ టికెట్ అని కంప్యూటర్‌లో ఒక అర్జీ పెట్టి, దానికొక వర్గం ఎంచుకోవాలి. నేను ఎంచుకున్నది 'కేవలం అలంకరణ'. ప్రాధాన్యం దగ్గర 'తక్కువ' అని పెట్టాను. ఆ రెండు బటన్లు నొక్కడానికి ఎంతసేపు పట్టుంటుంది? నిజం చెప్పాలంటే నాకు కష్టమేసింది. అంత ముచ్చటపడి చేసిన బొమ్మ మీద మళ్లీ ఆ మచ్చలు పెట్టమంటుందేమిటని.

జూన్‌లో, ఇక్కడి చలికాలం మొదట్లో, అక్క ఆరు వారాల సెలవు మీద ఇండియా వెళ్లింది, చెల్లెలి కూతురి పెళ్లికి. ఆమె చోట్లో తాత్కాలిక సిబ్బందిని పంపే ఏజెన్సీ నుంచి వారానికొకరు చొప్పున నర్సులు వచ్చారు. ముసలాయన కొత్త ముఖాలకు అసలు లొంగలేదు. బరువు వద్దన్నాడు. వాళ్లు బలవంతపెట్టలేదు, పెట్టకూడదు కూడా. ఒప్పుకోలేదని నమోదు చేసి పక్క గదికి వెళ్లారు. తర్వాతి వారం వచ్చినవాళ్లు చార్టు తెరిస్తే గీత తిన్నగా ఉంది. ఆ తర్వాతి వారం కూడా అంతే. ఆయన కట్టుడు పళ్లు వదులై నమలలేక, ఎవరికీ చెప్పడానికి మనసొప్పక, ప్లేటు సగంలో వదిలేస్తున్నాడు. లావుపాటి స్వెటర్, ఒళ్లో దుప్పటి. పైకి ఏమీ తెలియలేదు.

అక్క సెలవు నుంచి వచ్చిన మొదటి రోజే ఆయన్ని చూసి నిలబడిపోయిందట. స్వెటర్ విప్పించి, కబుర్లు చెప్పి, బరువు తూచే కుర్చీలో కూర్చోబెట్టింది. చార్టులో ఉన్నదానికన్నా తొమ్మిది కిలోలు తక్కువ. ఆ రోజే ఆసుపత్రికి పంపారు. మూడు వారాల తర్వాత తిరిగి తీసుకొచ్చారు గానీ ఆయన మళ్లీ కిటికీ దగ్గర కూర్చోలేదు. ఆగస్టు చివర్లో పోయాడు. ఎనభై తొమ్మిదేళ్లు. వయసే కారణం అన్నారు కొందరు. అయ్యుండొచ్చు. ఆయన్ని చూడాల్సిన కళ్లు చాలానే ఉన్నాయి, తప్పంతా గీతదే అని నేనూ అనను. కానీ వరసగా ఐదు బోలు చుక్కలు కనిపించి ఉంటే ఎవరో ఒకరు ఆగేవాళ్లు. అది నాకు తెలుసు.

ఆయన ఆసుపత్రిలో ఉన్నప్పుడే కేంద్రం వాళ్లు విచారణ మొదలుపెట్టారు. చార్టు తిన్నగా చూపించింది కాబట్టి గమనించలేకపోయామని ఏజెన్సీ నర్సులు రాశారు. కేంద్రం మా కంపెనీని వివరణ అడిగింది. మేనేజర్ నన్ను పిలిచి, "చార్టు నువ్వు చేసిందే కదా, టెక్నికల్ జవాబు ఒక పేరా రాసివ్వు" అన్నాడు.

రాశాను. బరువు నమోదు కాని వారాల సమాచారం తెర మీద తాకితే కనిపిస్తుందని, ఈ సంగతి శిక్షణలో సిబ్బందికి చూపించామని, చార్టు డిజైన్ ప్రకారమే పనిచేసిందని. అందులో ఒక్క అబద్ధం లేదు. నాకు తెలిసిన ఇంగ్లీషులో అంత జాగ్రత్తగా నేనెప్పుడూ ఏదీ రాయలేదు. అక్క అడిగిన మార్పు గురించి గానీ, దాన్ని నేను ఏ వర్గంలో పడేశానో గానీ అందులో రాయలేదు.

ఆ జవాబు పట్టుకుని కేంద్రం వాళ్లు అక్కను విచారణకు కూర్చోబెట్టారు. శిక్షణ తీసుకున్న నర్సు ఆమే కాబట్టి, సెలవుపై వెళ్లేముందు ఏజెన్సీ వాళ్లకు ఆ సంగతి ఎందుకు అప్పజెప్పలేదని అడిగారట. ఆ ఆదివారం మధ్యాహ్నం మా ఇంటికొచ్చి సోఫాలో కూర్చుని చెప్పింది.

"అప్పజెప్పే కాగితంలో ఆయన మొండికేస్తాడని రాశానమ్మా. తెర తాకి చూడండని రాయలేదు. అది రాయాలని తోచలేదు నాకు" అంది. మళ్లీ, "మీ ఆఫీసులో ఎవరు రాశారో గానీ, ఆ పేరా చదువుతుంటే నేనే చేతులారా చేసినట్టనిపించింది" అంది.

నేను టీ పెడతానని లేచాను. వంటింట్లో గిన్నె పట్టుకుని నిలబడి, ఇప్పుడు చెప్పాలి, ఇప్పుడే చెప్పాలి అనుకున్నాను. టీ తెచ్చి ఇచ్చాను. "మీ తప్పేం లేదక్కా" అన్నాను. ఆ మాటకు ఆమె నా చెయ్యి పట్టుకుంది. ఓదార్చినందుకు.

ఆమెకు హెచ్చరిక లేఖ ఇచ్చి వదిలేశారు. పదిహేడేళ్ల సర్వీసులో మొదటిదట. ముసలాయన అంత్యక్రియలకు ఆమె ఒక్కతే వెళ్లింది. నన్ను రమ్మంది, పనుందన్నాను. సంవత్సరం తిరక్కుండా ఉద్యోగం మానేసి, కుటుంబంతో టూవూంబా వెళ్లి అక్కడ ఒక క్లినిక్‌లో చేరింది. మళ్లీ వృద్ధుల కేంద్రంలో చెయ్యలేనంది.

ఆమె వెళ్లిన వారానికి ఆ టికెట్ తెరిచాను. వర్గం మార్చి, మేనేజర్ దగ్గరికి వెళ్లి, బరువు చూడని వారాలు విడిగా కనిపించాలి, పాతలాగే బోలు చుక్కలు, తెగిన గీత పెడతానన్నాను. కారణాలు సిద్ధం చేసుకుని వెళ్లాను, వాదించాల్సి వస్తుందని. ఆయన తల కూడా ఎత్తకుండా, "ఓ, తప్పకుండా, మంచి ఆలోచన" అన్నాడు. ఒక్క పూట పట్టింది. భోజనం తర్వాత మొదలుపెడితే నాలుగు గంటలకల్లా అయిపోయింది. పన్నెండో పదమూడో లైన్లు. ఎవరూ అడ్డం చెప్పని పనికి నేనే ఏడాది పాటు అడ్డం కూర్చున్నాను.

పోయిన ఏప్రిల్‌లో ఒక శనివారం టూవూంబా వెళ్లాను. ఫోన్‌లో చెప్పే విషయం కాదనిపించింది. అక్క పెరట్లో గోంగూర కోస్తోంది. నన్ను చూసి మొహం విప్పారింది. "ఏటే, చెప్పాపెట్టకుండా!" అంది. కూర్చోక ముందే చెప్పేశాను. చార్టు నుంచి చుక్కలు తీసింది నేనేనని ఆమెకు తెలుసు. టికెట్‌ను అలంకరణ అని పక్కన పడేసింది నేనేనని, ఆ పేరా రాసింది నేనేనని చెప్పాను.

ఆమె గోంగూర గిన్నె కింద పెట్టింది. అరవలేదు, కళ్లనీళ్లు పెట్టుకోలేదు.

"చుక్కలు తీసెయ్యడం నాకు అర్థమౌతాది" అంది. "చిన్నపిల్లవి, అందంగా ఉండాలనుకున్నావు. కానీ ఆ రోజు మీ ఇంట్లో టీ ఇచ్చావు చూడు. అప్పుడే చెప్పుంటే నేను వాళ్లకి తిరిగి రాసేదాన్ని. చుక్కలు కావాలని ముందే అడిగానని, అడిగినట్టు కాగితమ్మీద ఉందని. ఆ గదిలో నాకు పట్టుకోడానికి ఒక్క ఆధారం లేకపోయింది."

"క్షమించక్కా" అన్నాను.

ఆమె గోంగూర గిన్నె మళ్లీ చేతిలోకి తీసుకుంది. "ఇంత దూరం వచ్చావు, అన్నం తినెళ్లు" అంది. ముగ్గురం తిన్నాం, నేనూ ఆమే ఆమె కూతురూ. కూతురు బడి సంగతులేవో ఇంగ్లీషులో చెప్తుంటే అక్క తెలుగులో ఊ కొడుతూ వడ్డించింది. గేటు దాకా వచ్చి సాగనంపింది కూడా.

ఆ తర్వాత మూడుసార్లు ఫోన్ చేశాను. ఎత్తుతుంది. ఉద్యోగం ఎలా ఉందని అడుగుతుంది. "మీ ఇంట్లో అందరూ బాగున్నారా? మీరు జాగ్రత్త" అని పెట్టేస్తుంది. ఈ పరదేశంలో నన్ను మొదటిరోజే నువ్వు అని పిలిచిన మనిషి. ఇప్పుడు మీరు అంటోంది.