పాడే మనిషి చాటలో బీడీలు

మా చిన్నప్పుడు... బడి నుంచి ఇంటికి వచ్చేసరికి మా వసారాలో ఆడవాళ్లంతా గుండ్రంగా కూర్చుని బీడీలు చుడుతూ ఉండేవారు. అందరి ఒళ్లోనూ చాటలు. చాటల్లో తడిపిన తునికాకు, తంబాకు, కత్తెర, దారపు ఉండ. మాది నిజామాబాద్ వైపు. మా వాడకట్టులో ఆడవాళ్లందరిదీ అదే పని.

నేను సంచి గూట్లో పడేసి, అమ్మ పక్కన కూర్చుని బీడీల కొనలు మడిచేదాన్ని. నాకూ ఒక చిన్న చాట ఉండేది...

పని మొదలైన కాసేపటికి మా వాడకట్టు గంగవ్వత్త పాట ఎత్తుకునేది. చరణం ఆమెది. చివరి మాట మాత్రం మేమంతా కలిసి అందుకునేవాళ్లం. ఆ గుంపులో నా గొంతు కూడా ఉండేది కానీ, ఎవరికీ విడిగా వినపడదనుకునేదాన్ని. నాకు అదే హాయి.

పాట మంచి ఊపులో పడిందంటే గంగవ్వత్త చేతులు ఆగిపోయేవి. కళ్లు మూసుకుని పాడేది. మరి ఆమె పని? అందుకే మా దగ్గర ఒక పద్ధతి ఉండేది... పాట అయ్యాక తలా కొన్ని బీడీలు ఆమె చాటలో వేసేవారు. ఎవరూ వంకర బీడీ వేసేవారు కాదు. తాము చుట్టినవాటిలో బాగా కుదిరినవి ఏరి మరీ వేసేవారు.

ఒకసారి గంగవ్వత్త కూతురి కాన్పుకని వెళ్లింది. వసారా మూగబోయింది. కత్తెరల చప్పుడు తప్ప ఏమీ లేదు.

పక్కింటి లచ్చవ్వ నా వైపు తిరిగి, "నీ గొంతు సన్నగ మంచిగుంటది. ఇయ్యాల నువ్వెత్తుకో బిడ్డా" అంది.

నేను తల వంచుకున్నాను.

"గుంపుల అయితే మస్తు పాడుతవ్. గిప్పుడేమైందే, పెండ్లిచూపులకు వచ్చినమా ఏంది?"

అందరూ నవ్వారు. నేను తల ఎత్తకుండానే మొదలుపెట్టాను. అత్తగారింటి నుంచి రాని అక్క కోసం చెల్లెలు ఎదురుచూసే పాట అది. మొదటి చరణం బాగానే వచ్చింది. చివరి మాట వాళ్లు అందుకోవాలి కదా... ఎవరూ అందుకోలేదు! అందరూ పని ఆపి నా పాటే వింటున్నారు. అంతమంది మధ్య నా గొంతు ఒక్కటే నాకు వినపడేసరికి బెదిరిపోయాను. సగంలోనే ఆపేసి తలుపు చాటుకు పరుగెత్తాను.

తిరిగి వచ్చి చూస్తే నా చిన్న చాట నిండా బీడీలు. ఒక్కటీ వంకరది లేదు.

"సగం పాటకు గూడ చెయ్యి సాయం ఉంటది బిడ్డా. తక్కిన సగం ఎప్పుడన్న పాడు" అంది లచ్చవ్వ.

ఆ సగం ఎప్పుడూ పాడలేదు నేను. ఏడో తరగతితో బడి ఆగిపోయింది, పెళ్లయింది, ఇక్కడ అమెరికాలో అరోరాకు వచ్చాను. ఈ అపార్ట్‌మెంట్‌లో ఎదురింటివాళ్లను పలకరించాలన్నా నాకు మాట పెగలదు. ఇక పాట ఎక్కడిది...

మొన్న పై అంతస్తు శ్రావంతి గారి అమ్మాయి అనన్య ఉరుక్కుంటూ వచ్చింది. వాళ్లమ్మ ఆఫీస్ నుంచి వచ్చేదాకా రోజూ మా ఇంట్లోనే ఉంటుంది. చేతిలో ఒక అందమైన పెట్టె. తను ప్రాణంగా అభిమానించే కొరియా గాయని ఆల్బమ్ అట.

"ఆంటీ, ఇది తన ఫస్ట్ సోలో! గ్రూప్‌లో తనకి ఒక్క లైన్ ఇచ్చేవాళ్లు. ఇప్పుడు అన్ని సాంగ్స్ తనే! షాప్‌లో ఫుల్ లైన్ ఉంది, మమ్మీ కూడా నిలబడింది!"

లోపల సీడీ ఉంది. మా ఇంట్లోనూ, వాళ్లింట్లోనూ సీడీ పెట్టే మిషన్ లేదు. "మరి ఎందుకు కొన్నావే?" అన్నాను.

"ఆంటీ! సీడీ కోసం ఎవరు కొంటారు? ఫొటోకార్డ్ కోసం!"

పెట్టెకొకటి ఆ గాయని బొమ్మ కార్డు ఉంటుందట, ఏది వస్తుందో తెరిచేదాకా తెలియదట. అందుకని రెండు కొన్నదట. ఒకదాంట్లో ఇదివరకే తన దగ్గర ఉన్న కార్డు వచ్చింది. రెండోదాంట్లో తను కోరుకున్నదే దొరికింది... ఆ గాయని కళ్లు మూసుకుని పాడుతున్న బొమ్మ. అచ్చం మా గంగవ్వత్త లాగానే మూసుకుంది కళ్లు!

ఫోన్‌లో ఆ పాట పెట్టింది. నాకు ఒక్క ముక్క అర్థం కాలేదు. కానీ వెనక ఎవరూ అందుకోకపోయినా ఆ గొంతు ఎక్కడా బెదరలేదు.

"ఆంటీ, నువ్వు ఎప్పుడైనా సోలో పాడావా?"

ఒళ్లో పళ్లెం పెట్టుకుని చిక్కుడుకాయలు తుంచుతూ ఆ వసారా సంగతంతా చెప్పాను. బీడీల సంగతి కూడా. చివరిదాకా విని, "సో... ఇంకా హాఫ్ ఉంది కదా" అంది.

నాకు నవ్వొచ్చింది. తర్వాత ఏమనుకున్నానో ఏమో... తల వంచుకునే మొదలుపెట్టాను. మొదటి చరణం అయింది. అనన్య కదలకుండా వింటోంది. నేను ఆపలేదు. అక్క బండి దిగి వాకిట్లోకి వచ్చే చివరి చరణం దాకా పాడాను. కళ్లు ఎప్పుడు మూసుకున్నానో నాకే తెలియదు.

తెరిచి చూస్తే పళ్లెంలో చిక్కుడుకాయల మీద ఒక కార్డు. తను కోరి తెచ్చుకున్న కార్డే!

"అయ్యో, ఇదెందుకే? నీ దగ్గర ఇదివరకే ఉన్నది ఇంకోటి వచ్చింది కదా, అదియ్యి" అన్నాను.

"నో ఆంటీ. వాళ్లు నీకు మంచివే ఇచ్చారు కదా."

ఇప్పుడు ఆ కార్డు మా ఫ్రిజ్ మీద ఉంది. మా ఆయన చూసి "ఈ అమ్మాయి ఎవరు?" అని అడిగితే, "పాట పాడినందుకు వచ్చింది" అని మాత్రం చెప్పాను.

ఇప్పుడు ఎవరి పాట వాళ్ల చెవుల్లోనే మోగుతోంది... పాడే మనిషి పక్కన కూర్చుని ఆమె పని అందుకునే చేతులు మాత్రం కనబడటం లేదు. మీ ఇంట్లో పని చేస్తూ పాడినవాళ్లు ఎవరు? వాళ్ల పేరు ఒక్కసారి ఇక్కడ రాయరూ...