వాల్ట్ చెయ్యని పని

ఈ మాట ఇన్నేళ్ళూ ఎవరితోనూ అనలేదు. మా ఆయనతో అనలేదు. మా అమ్మతో అనలేదు. గుళ్ళో నిలబడి దణ్ణం పెట్టుకునేటప్పుడు కూడా దీన్ని దాటేసి మిగతావన్నీ చెప్పుకున్నాను. గుండె మీద బరువంటారు గానీ, బరువైతే ఒకచోట ఉంటుంది కదా. ఇది ఎప్పుడు ఎక్కడ తగులుతుందో తెలీదు. స్టోర్‌లో గుడ్లు తీసుకుంటుంటే తగులుతుంది. పార్కింగ్ లాట్‌లో ఎవరో ముసలాయన కార్ తాళాలు ఎక్కడ పెట్టానా అని జేబులు తడుముకుంటుంటే తగులుతుంది.

మీరెవరో నాకు తెలీదు. అందుకే మీకు చెప్పగలుగుతున్నాను. కాస్త ఓపిక పట్టండి, మధ్యలో ఆపితే మళ్ళీ మొదలుపెట్టలేను.

ఒక పెద్దాయన తను చెయ్యని తప్పుని తనే చేశానని నమ్మాడు. అలా నమ్మించింది నేను.

అప్పట్లో మేం ఇల్లినాయ్‌లో ఉండేవాళ్ళం. టెక్ కంపెనీలు వరసపెట్టి మనుషుల్ని తీసేస్తున్న రోజుల్లో మా ఆయన ఉద్యోగం పోయింది. తన పేరు రవి అనుకుందాం. గ్రీన్‌కార్డ్ అప్పటికే చేతికొచ్చింది కాబట్టి దేశం వదలాల్సిన పని లేకపోయింది. కొన్నాళ్ళకి ఇంకో ఆఫర్ వచ్చింది, రవి చేరలేదు. అరోరా దాటి పడమరకి అరగంట డ్రైవ్ చేస్తే, మొక్కజొన్న చేల మధ్య ఐదెకరాల్లో ఒక పాత ఇల్లు అమ్మకానికి ఉంది. అది చూసొచ్చి, కోళ్ళు పెంచుతానన్నాడు. నేను నవ్వాను. తను నవ్వలేదు.

ఫారం అంటే పెద్ద పెద్ద షెడ్లు ఊహించుకోకండి. కర్రతో, జాలీతో చేసిన అడుగు లేని గూళ్ళు. పొద్దున్నే ఒక్కోదాన్నీ గూడంత దూరం ముందుకి లాగేవాడు. కోళ్ళు లోపలే నడుచుకుంటూ కొత్త గడ్డి మీదకి వచ్చేవి. వెనకాల వదిలిన నేల వారం పదిరోజులకి పచ్చగా లేచేది. పక్కన కరెంటు కంచె కట్టి మేకలు. శనివారాలు నేపర్‌విల్ నుంచీ అరోరా నుంచీ మనవాళ్ళు కార్లలో వచ్చి, ఇది అచ్చం మన నాటుకోడే అంటూ కొనుక్కుని వెళ్ళేవారు. రవి మొహంలో ఆ వెలుగు నేను పెళ్ళైన కొత్తలో కూడా చూడలేదు.

నాకు మాత్రం ఆ బతుకు నచ్చలేదు. నేను రోజూ ఆఫీస్‌కి వెళ్ళేదాన్ని. ఇంటికి జీతం తెచ్చేదాన్ని. బట్టలకి వాసన, జుట్టుకి వాసన, కార్‌లో దాణా పొడి. ఫంక్షన్లలో ఎవరైనా రవి ఏం చేస్తున్నాడని అడిగితే, చిన్న బ్రేక్ తీసుకున్నాడని చెప్పేదాన్ని.

రోడ్డుకి అటువైపు వాల్ట్ ఉండేవాడు. ఎనభై దగ్గరపడ్డ మనిషి. భార్య పోయింది. కొన్ని ఆవులు, ఒక పాత ట్రాక్టర్, అంతే ఆయన లోకం. రవికి ఈ పనంతా నేర్పింది ఆయనే. గూడు లాగేటప్పుడు కోడి కాళ్ళు దాని కింద పడి నలగకుండా ఎలా చూడాలో, గాలివాన వస్తుంటే ఏ వైపు టార్పాలిన్ దించాలో, అన్నీ. రవిని సన్ అని పిలిచేవాడు. నేను పులిహోర చేస్తే ఎల్లో రైస్ ఇంకొంచెం ఉందా అని అడిగేవాడు. ఆ మధ్య ఆయనకి మరుపు మొదలైంది. చెప్పిన కథే చెప్పేవాడు. ఒకసారి, ముందురోజే తిరిగిచ్చేసిన సుత్తి ఇద్దామని వచ్చి, అది దొరకడం లేదని మా వరండాలో నిలబడి తెగ నొచ్చుకున్నాడు. మేం నవ్వేశాం. ఆయనా నవ్వాడు, కానీ కొంచెం ఆలస్యంగా.

ఆ ఏప్రిల్‌లో ఒకరోజు నా కార్ ఎక్కిన కొలీగ్ కిటికీ దించి, ఏమిటీ వాసన అంది. ఇంటికొచ్చి రవి మీద విరుచుకుపడ్డాను. ఏవేవో అన్నాను. చివర్న, "ఈ కోళ్ళన్నీ ఒక్కసారే చస్తే పీడా పోతుంది" అన్నాను. రవి కోట్ వేసుకుని బయటికి వెళ్ళిపోయాడు.

ఆ వారమే కొత్త కోడిపిల్లలు వచ్చాయి. అవి పోస్ట్‌లో వస్తాయి. పొద్దున్నే పోస్టాఫీస్ వాళ్ళు ఫోన్ చేస్తే వెళ్ళి, కిచకిచలాడే అట్టపెట్టెలు తెచ్చుకోవాలి. మూడొందల పిల్లలు. మొదటి వారాలు వాటిని గడ్డి మీదకి వదలరు. ఇంటి వెనక చిన్న షెడ్‌లో రంపపు పొట్టు పరిచి, పైన ఎర్రటి హీట్ లాంపులు వేలాడదీసేవాడు రవి. తల్లి లేని పిల్లలకి ఆ వేడే తల్లి. లాంపుల వైరు గోడకున్న కన్నంలోంచి బయటికి వచ్చేది. ప్లగ్ పాయింట్ బయటి గోడకి ఉంది. రెండు సాకెట్లలో ఒకటి ఎప్పుడో పగిలిపోయింది.

శనివారం రవి మేకల్ని ట్రక్‌లో ఎక్కించుకుని కబేళాకి బయల్దేరాడు. దూరం. వచ్చేసరికి సాయంత్రమవుతుంది. నేను అరోరాలో ఒక సీమంతానికి వెళ్ళాలి, దారిలో ఇద్దరు ఆంటీలని ఎక్కించుకోవాలి. మళ్ళీ ఆ వాసన మాట వినలేననుకుని, కార్‌ని షెడ్ దగ్గరికి తెచ్చి వాక్యూమ్ చేద్దామనుకున్నాను. లాంపుల ప్లగ్గు పీకాను. వాక్యూమ్ ప్లగ్గు పెట్టాను. సీట్లు శుభ్రం చేశాను. వాక్యూమ్ వైరు చుట్టుకుని లోపలికి వెళ్ళి, పట్టుచీర కట్టుకుని వెళ్ళిపోయాను.

పీకిన ప్లగ్గు మళ్ళీ పెట్టలేదు.

మరిచిపోయాను. ఈ మాట ఎన్నిసార్లు చెప్పుకున్నానో. కానీ పీకుతున్నప్పుడు, రెండు నిమిషాల్లో పెట్టేయాలి, చలిగా ఉంది, అని అనుకోవడం నాకు స్పష్టంగా గుర్తుంది. అంత గుర్తున్నదాన్ని ఎలా మరిచిపోయాను? నాలో ఏదో ఒకటి మరిచిపోదామని చూసిందా? నాలుగు రోజుల ముందు నోటితో అన్నదాన్ని ఆ రోజు చేత్తో చేశానా, లేక ఇది నన్ను నేను శిక్షించుకోవడానికి తర్వాత కల్పించుకున్నదా? నిజంగా నాకు తెలీదు. తెలిస్తే ఏదో ఒకలా బతకడం తేలికయ్యేదేమో.

నేను తిరిగొచ్చేసరికి పొద్దు వాలుతోంది. రవి ట్రక్ ఉంది, షెడ్ తలుపు బార్లా తీసి ఉంది. రవి పొట్టులో మోకాళ్ళ మీద కూర్చున్నాడు. పిల్లలన్నీ ఒక మూలకి చేరి, ఒకదాని మీదొకటి ఎక్కి, గుట్టగా ఉన్నాయి. చలికి అలాగే చేస్తాయి. కిందవి నలిగి, ఊపిరాడక చచ్చిపోతాయి. తను ఒక్కొక్కటే తీసి చూసి పక్కన పెడుతున్నాడు. వాల్ట్ పక్కనే వంగి, ఇంకా కదులుతున్నవాటిని తన కోట్ లోపల, చొక్కాకి ఆనించి పెట్టుకుంటున్నాడు. కోట్‌లోంచి సన్నగా అరుపులు. బతికినవి కొన్నే.

వాల్ట్ ఆ మధ్యాహ్నం మా గేటు మడతబందు బాగుచెయ్యడానికి వచ్చాడట. డ్రిల్లు కోసం తన ఎక్స్‌టెన్షన్ వైరు తెచ్చుకుని ఆ సాకెట్‌లోనే పెట్టుకున్నాడు. ఆ వైరు ఇంకా అక్కడే ఉంది. లాంపుల ప్లగ్గు కింద గడ్డిలో పడి ఉంది.

రవి లేచి బయటికి వచ్చి ఆ రెంటినీ చూశాడు. తర్వాత నెమ్మదిగా అడిగాడు.

"వాల్ట్, ప్లగ్గు మీరు తీశారా?"

"నా వైరే కదా ఉంది. తీసే ఉంటాను."

"తీసినట్టు గుర్తుందా?"

"లేదు. ఖాళీగానే ఉన్నట్టు నాకు..." అని ఆగిపోయాడు. నుదురు రుద్దుకున్నాడు. నా వైపు తిరిగాడు. "నువ్వు వెళ్ళేటప్పుడు లైట్లు వెలుగుతున్నాయా?"

ఆ అడగడంలో ఆశ ఉంది. లేదని చెబుతానేమోనని. లేదంటే ఆయన గెలుస్తాడు. కానీ లేదంటే రవి నా వైపు చూస్తాడు. ఆ వారం నేనన్న మాట తనకి గుర్తొస్తుంది. కావాలనే చేశానంటాడు. పైకి అనకపోయినా అనుకుంటాడు. ఇదంతా ఆలోచించానని కాదు, అంత టైమ్ లేదు. భయమే ముందు మాట్లాడింది.

"వెలుగుతున్నాయి" అన్నాను. "వెళ్ళేముందు కిటికీలోంచి చూశాను. ఎర్రగా వెలుగుతున్నాయి."

ఎరుపు రంగు ఎవరూ అడగలేదు. అది నేను కలిపాను.

వాల్ట్ తల ఊపాడు. "అయితే నేనే" అన్నాడు. కోట్‌లోంచి పిల్లల్ని ఒక్కొక్కటే తీసి రవి చేతికిచ్చి, తన వైరు చుట్టుకుని, రోడ్డు దాటి వెళ్ళిపోయాడు. డ్రిల్లు గేటు దగ్గరే మరిచిపోయాడు.

రవి ఆయన్ని ఒక్క మాట అనలేదు. ఎవరికైనా జరుగుతుంది వాల్ట్, అని మర్నాడు వెళ్ళి చెప్పొచ్చాడు కూడా. తిట్టి ఉంటే ఆయన ఎదురు చెప్పేవాడేమో. తర్వాత ఎప్పుడైనా వస్తే చేతులు జేబుల్లో పెట్టుకునే నిలబడేవాడు. మా ఇంట్లో దేన్నీ ముట్టుకునేవాడు కాదు. ఒకసారి వంటింట్లో మసకచీకట్లో కూర్చుని ఉన్నాడు. స్విచ్ ఆయన భుజం పక్కనే ఉంది. నేను వచ్చి వేసేదాకా అలాగే కూర్చున్నాడు.

ఆ వేసవిలో ఆయన కూతురు లిండా విస్కాన్సిన్ నుంచి వచ్చింది. ఒకరోజు మా గుమ్మం దగ్గర నిలబడి నన్ను అడిగింది. "నాన్న కోడిపిల్లల సంగతి చెప్పి ఫోన్‌లో ఏడ్చాడు. ఆయన ఏడవగా నేనెప్పుడూ వినలేదు. మీరు రోజూ చూస్తుంటారు కదా, ఆయన ఒక్కడే ఉండగలడంటారా?"

మొదటిసారి భయంలో అన్నాను, సరే. ఈసారి నాకు ఆలోచించుకునే టైమ్ ఉంది. ఆమె నా జవాబు కోసం నిలబడే ఉంది. "మరుపు బాగా ఎక్కువైంది" అన్నాను. "నాకూ భయంగానే ఉంది." ఎంతో జాలిగా అన్నాను. ఆమె నా చెయ్యి పట్టుకుని థాంక్స్ చెప్పింది.

ఆవుల్ని అమ్మేశారు. ట్రెయిలర్ వచ్చిన రోజు వాల్ట్ ఒక్కో ఆవునీ పేరు పెట్టి పిలిచి తనే ఎక్కించాడు. ఒక్క పేరు కూడా తప్పలేదు. అది నేను మా కిటికీలోంచి చూశాను. నెల తిరక్కుండా ఆయన్ని ఒక కేర్ హోమ్‌లో చేర్చారు.

రవి తరచూ వెళ్ళేవాడు. నేను రెండుసార్లే వెళ్ళాను. రెండోసారికి ఆయనకి రవి పేరు గుర్తులేదు. కానీ గదిలోకి వచ్చిన నర్స్‌తో, "ఈ అబ్బాయి కోడిపిల్లల్ని నేను చంపేశాను" అన్నాడు. రవి ఆయన చెయ్యి పట్టుకుని, అదెప్పుడో అయిపోయింది వాల్ట్, అన్నాడు. నేను మంచం పక్కన కూర్చుని నారింజ ఒలుస్తున్నాను. నర్స్ వెళ్ళిపోయాక గదిలో మేం ముగ్గురమే. అన్నీ మరిచిపోతున్న మనిషికి అదొక్కటే మిగిలింది. దాన్ని తీసెయ్యగలిగింది లోకంలో నేనొక్కదాన్నే. ఒక తొన తీసి ఆయన చేతిలో పెట్టాను. థాంక్యూ హనీ, అన్నాడు.

ఆ చలికాలంలో పోయాడు.

జబ్బు ముందునుంచే ఉందని డాక్టర్ అన్నాడట. నేను చెప్పినా చెప్పకపోయినా ఎప్పుడో ఒకప్పుడు అక్కడికే చేరేవాడట. చాలా ఏళ్ళు ఆ మాట పట్టుకుని వేలాడాను. కావచ్చు. కానీ ఇంకొక వేసవి తన ఆవులతో ఉండేవాడేమో. సాకెట్ ఖాళీగానే ఉందని గుర్తున్నప్పుడు, తన గుర్తుని తను నమ్మి ఉండేవాడు. ఆ నమ్మకాన్ని ఆయన దగ్గర్నుంచి తీసుకున్నది జబ్బు కాదు.

వాల్ట్ పోయాక రవికి ఆ పని మీద మనసు పోయింది. ఏడాదికల్లా అంతా అమ్మేశాం. ఇప్పుడు కాలిఫోర్నియాలో, డబ్లిన్‌లో ఉంటున్నాం. రవి ట్రెయిన్ ఎక్కి ఆఫీస్‌కి వెళ్తాడు. నా కార్‌లో ఏ వాసనా లేదు. నేను కోరుకున్నవన్నీ వచ్చాయి.

రవికి ఎందుకు చెప్పలేదని మీరు అడగొచ్చు. తను బాధపడతాడని, అని చెప్పుకునేదాన్ని. అది అబద్ధం. తను నన్ను చూసే చూపు మారుతుందని. అంతకంటే పెద్ద కారణం ఏమీ లేదు. చెబుతానా? ఇప్పటికీ తెలీదు. లిండాకి రాయాలని కూడా అనుకున్నాను. ఆమె తండ్రిని ఆ ఇంట్లోంచి కదిలించింది నా మాట విని. ఇప్పుడు నిజం చెబితే, నా బరువు తీసి ఆమె నెత్తిన పెట్టినట్టవుతుంది. లేదా ఇది కూడా నా భయమే అయ్యుండొచ్చు.

క్షమించమని అడగడం లేదు. అడగాల్సిన మనిషి లేడు, మీరు క్షమించినా అది చెల్లదు. ఇదంతా రాశాక తలుపేసుకుని ఒకసారి పైకి చదివాను. నా గొంతులో ఈ మాటలు వినడం ఇదే మొదలు. మధ్యలో రెండుచోట్ల ఆగాను, కానీ చివరిదాకా చదివాను. కొంచెం తేలిగ్గా ఉంది. ఆ తేలికకి నేను తగను. అయినా ఉంది.