అడిగి కొట్టిన యాపమాను

నా చిన్నప్పుడు ఒక ఏడాదంతా మేము ఎద్దుల కొట్టంలో కాపురం చేశాము. బాగేపల్లి పక్కన చిన్న పల్లె మాది. మట్టి మిద్దె ఇల్లు, మా తాతకు తాత కట్టించింది. ఆ వానాకాలం ముసురు పట్టి విడవకుండా కురిస్తే పడమటి గోడ నాని కూలబడింది. దాంతోపాటు నడుమ దూలం విరిగి మిద్దె మట్టంతా నడింట్లోకి దిగింది. అప్పుడు అందరమూ బయట ఉన్నాం కాబట్టి బతికిపోయాము.

కొట్టంలో ఒకవైపు ఎద్దులు, ఒకవైపు మేము. నాకైతే అదొక సంబరం. కానీ మా అవ్వకు ఉబ్బసం. ఆ తేమకు, ఆ పేడ వాసనకు పడుకోలేక గోడకు ఆనుకుని ఊపిరి కోసం ఎగబోస్తూ కూర్చునేది. ఇంకో వానాకాలం ఇక్కడే గడిపితే ఈమె దక్కదని చూడవచ్చిన వాళ్ళంతా మొహం మీదే అనేసి పోయేవాళ్ళు. మన జనానికి అదొక జబ్బు, బాగున్న మాట నోట రాదు. వానలు వచ్చేలోగా ఇంటికి కప్పు పడాలని మా తాత పట్టుబట్టాడు.

అవి యుద్ధం రోజులు. దూలాలకు మాను కొనడానికి తాత బండి కట్టుకుని చింతామణికి పోయి ఖాళీ బండితో తిరిగొచ్చాడు. ఉన్నదంతా మిలిట్రీకి పోతాండాదంట అన్నాడు, అంతే. ఇల్లు కట్టి చూడు అని పెద్దలు ఊరికే అనలేదు. ఇక సొంత చెట్లే దిక్కని చేని గట్ల మీద ఉన్న యాపమాన్లు కొట్టించాడు.

పేరేసంద్ర వైపు నుంచి రంపం కోతకు అన్నదమ్ములిద్దరు వచ్చారు. మా కళ్ళం పక్కన మనిషి లోతు గుంత తవ్వి, దానిమీద మొద్దును అడ్డంగా పెట్టారు. నూలుదారాన్ని మసినీళ్ళలో ముంచి, మొద్దు మీద బిగబట్టి లాగి వదిలితే నల్లటి గీత పడేది. అన్న మొద్దు మీద, తమ్ముడు గుంతలో నిలబడి పొడుగాటి రంపాన్ని పైకీ కిందికీ లాగేవాళ్ళు. పొట్టు కళ్ళలో పడకుండా కిందివాడు మొహానికి గుడ్డ కట్టుకునేవాడు. తలుపులు, కిటికీలు, దూలాల మీద పరిచే దంతెలు అన్నీ అట్లాగే తయారయ్యాయి. నడింటి దూలం ఒక్కటే మిగిలింది. అంత పొడుగున వంకర లేని మాను మా చేనిలో ఒక్కటే ఉంది, బావి గట్టు మీది యాప.

ఆ యాప మా అత్తది. అత్త అంటే మా నాయనకు అక్క. కాపురానికి పోకముందే మొగుడు పోయి, పుట్టింట్లోనే ఉండిపోయిన మనిషి. ఆ ఏడాదే బావి పక్కన యాప మొలక లేచిందంట. రోజూ బావికి పోయి మొదటి కడవ దానికి పోసి, రెండో కడవ ఇంటికి తెచ్చేది. ఆమెకు మరి బిడ్డా లేదు, చీరా సారే లేవు, ఏమని చెప్పను! కోడి కూసింది మొదలు దీపం పెట్టేదాకా చాకిరి చేసేది. ఇంట్లో శుభకార్యమంటే తనంతట తానే గింజల కొట్టులోకి పోయి కూర్చునేది. నోట్లో నాలుక లేని మనిషి. నాకు తల దువ్వేటప్పుడు మాత్రం ఆ యాప నీడలో కూర్చుని ఏవో కూనిరాగాలు తీసేది.

ఆ మాను కొట్టాలంటే నీ అక్కను అడగల్ల కదా అని తాత మా నాయనతో అన్నాడు. నాయన తల కూడా ఎత్తలేదు. "ఇంట్లో మనిషే కదా నాయనా, అడిగేదేముండాది?" అన్నాడు. అది కాదంటుందా అని అవ్వ కూడా కొట్టిపారేసింది.

మా వైపు ఒక ఆచారం ఉండేది. పెద్ద మానును కొట్టే ముందటి దినం ముత్తైదువ తలంటుకుని, మొదలుకు పసుపు కుంకుమ పెట్టి, టెంకాయ కొట్టి, మా ఇంటికి దూలమై రామ్మా అని మానును అడగాలి. తర్వాత గొడ్డలిని మానుకు ఆనించి ఇంటికి వచ్చేయాలి. తెల్లారి గొడ్డలి నిలిచి ఉంటే మాను ఒప్పుకున్నట్టు. కింద పడి ఉంటే ఒప్పుకోనట్టు, ఇక దాని జోలికి పోకూడదు. అవ్వ ఎగబోస్తూనే పోయి అవన్నీ చేసొచ్చింది. అత్త మాత్రం కొట్టం వెనక రాగులు విసురుతూ ఉండిపోయింది. ఆ సాయంత్రం నా జడ సగం అల్లి, మిగతాది అల్లడం మరిచిపోయింది. ముద్ద కూడా తినలేదు.

తెల్లవారుతూనే తాత బావికి పోతుంటే నేనూ పుల్ల నములుతూ వెనకాలే పోయాను. గొడ్డలి నిక్షేపంగా నిలబడి ఉంది. తాత దాన్ని కాసేపు చూశాడు. తర్వాత రెండు చేతులతో తీసి, మెల్లగా నేల మీద పండబెట్టాడు. వెనక్కి తిరిగి నన్ను చూశాడు. "చూసినావా?" అన్నాడు. చూసినా అన్నాను. "సరే, పా," అన్నాడు. ఎవరికీ చెప్పొద్దని కూడా అనలేదు. నాకు మాత్రం భయమేసింది. పసుపు కుంకుమలు పెట్టి దేవుణ్ణి అడిగినట్టు అడిగిన దానిలో మా తాతే చెయ్యి పెట్టాడే అని!

ఎండ పొడిచాక కోతవాళ్ళు వచ్చి గొడ్డలిని చూసి వెనక్కి తగ్గారు. "మాను ఒప్పలేదప్పా, మేము చెయ్యి పెట్టం," అన్నారు. నంది కొండ దగ్గర ఇంకో పని ఒప్పుకున్నామని రంపం మూట కట్టసాగారు. వాళ్ళు పోతే వానల ముందు మళ్ళీ దొరకరు. నాయన తల పట్టుకుని కూలబడ్డాడు. కొట్టంలోంచి అవ్వ దగ్గు ఇక్కడికి వినిపిస్తోంది. అప్పుడు తాత నోరు తెరిచాడు. నీళ్ళు పోసి పెంచిన మనిషి అడగందే మాను ఎట్లొప్పుతుంది, నా బిడ్డను పిలవండి అన్నాడు.

ఆ మాట విని అవ్వ పడుతూ లేస్తూ వచ్చింది. "శుభమా అని ఇల్లు కడతాంటే దాన్ని ముందర పెడతావా?" అని తాత మీద లేచింది.

"నేను పెట్టలేదే. మాను అడుగుతాండాది," అన్నాడు తాత.

అత్త రాగిపిండి చేతులతోనే వచ్చి దూరంగా నిలబడింది. తాత ఆమె దగ్గరికి పోయాడు. కూతురితో ఆయన అంతసేపు మాట్లాడటం నేను అదే చూడటం. "మ్మా, ఈ మాను నీది. నువ్విస్తే ఇల్లు లేస్తాది. వద్దంటే ఇంకో దావ చూసుకుంటాను. నిన్ను ఒక్క మాట అనే మొగోడు ఈ ఇంట్లో లేడు," అన్నాడు. ఆమె నిజంగానే కాదంటే అవ్వ గతేమిటి? ఆ సంగతి ఆయనకు తెలియకనా!

అత్త బావి దగ్గరికి పోయి కడవ నిండా చేది, రోజూ పోసినట్టే మాను మొదట్లో పోసింది. పసుపు ముట్టలేదు, కుంకుమ ముట్టలేదు. తడి చేతిని బెరడు మీద పెట్టి, "పా తల్లీ, ఇంట్లోకి పోదాం పా," అంది. గొడ్డలిని తానే ఎత్తి మానుకు ఆనించింది. అప్పుడు ఏడ్చింది. అంతమంది ముందర ఆమె గొంతెత్తి ఏడవడం చూసి మా నాయన కూడా కళ్ళు తుడుచుకున్నాడు. ఇంట్లో మనిషే కదా అన్న నోరు ఆ దినమంతా మళ్ళీ పెగల్లేదు.

మర్నాడు తాత బావి వైపే పోలేదు. ముందు కోతవాళ్ళనే పంపాడు. గొడ్డలి నిలిచే ఉందని వాళ్ళు కేకేశారు. మొద్దును గుంత మీదికి ఎక్కించాక, మసిదారం ఒక కొస తాను పట్టుకుని రెండో కొస అత్త చేతికిచ్చాడు తాత. దూలం ఎత్తిన రోజు కూడా ఆమె అందరి మధ్యే నిలబడింది. మొదటి వానకు మేము కొత్త కప్పు కింద ఉన్నాము. అవ్వ ఆ తర్వాత చాలా ఏళ్ళు బతికింది, తాతను తిడుతూనే బతికింది.

అత్త చివరి రోజుల్లో నేను మెట్టినింటి నుంచి వచ్చి ఆమె దగ్గర ఉన్నాను. ఆ దూలం కిందే మంచం. ఒక మధ్యాహ్నం దూలాన్ని చూస్తూ తనే మొదలుపెట్టింది. "ఆ పొద్దు గొడ్డలి పడలేదు. మీ తాత పండబెట్టినాడు. మీరిద్దరూ వచ్చినాక నేను నీళ్ళకు పోయి చూసినా. పడిన గొడ్డలి అంత నిదానంగా ఉంటాదా? పక్కనే మీ తాత చెప్పుల జాడ," అంది. మరి తెలిసి కూడా ఎట్లిచ్చావత్తా, అది నీ ప్రాణం కదా అన్నాను. అత్త నవ్వింది. "నన్నొక మాట అడిగేదానికి ఆ ముసలాయన దేవుడి మాటనే తిప్పినాడే! ఇంగ కాదని ఎట్లంటాను?" అంది.

ఇప్పుడు నేను చింతామణిలో కొడుకు దగ్గర ఉంటున్నాను. పెరట్లో కోడలు నీళ్ళు పోసి పెంచే కరివేపాకు చెట్టు ఒకటి ఉంది. చారులోకి ఒక రెబ్బ కావాలన్నా ఆమెను పిలిచి అడుగుతాను. ఆమెకు నవ్వు. "ఇంట్లోదే కదత్తా, అడిగేదేముండాది?" అంటుంది. ఆ మాట వినగానే నాకు బావి గట్టు మీద పండబెట్టిన గొడ్డలి కనిపిస్తుంది. ఉండాదిలేమ్మా అంటాను. ఆమె ఊ అనేదాకా చెయ్యి చాపను.