గుప్పెడు పాత కాగితాలు

మా పెరటి వాటాలో అద్దెకుండే వెంకటదుర్గ చేపలమ్ముతుంది. తెల్లారేసరికి ధవళేశ్వరం రేవుకు వెళ్లి, పడవల దగ్గర చేపలు కొని, మధ్యాహ్నం దాకా వీధులన్నీ తిరిగి వస్తుంది. మొగుడు పోయి ఆరేళ్లు. పిల్లల్లేరు. వాటా ఇచ్చేటప్పుడే చేపల బుట్ట గేటు లోపలికి తేకూడదని గట్టిగా చెప్పాను. ఆ మాట నాతో రెండోసారి అనిపించుకోలేదు. ఇంటికి రాగానే నిమ్మచెక్కలతో చేతులు తోమి, రెండుసార్లు సబ్బు రాసి, పౌడరు కూడా అద్దుకుంటుంది. ఇల్లు రోజూ ఫినాయిలుతో కడుగుతుంది. అంత శుభ్రం నాకే చేతకాదు.

ఎదురింటి హెలెన్ గారు స్కూల్లో టీచరు. వేసవి సెలవులకు హైదరాబాద్‌లో చెల్లెలి దగ్గరకు వెళ్తూ, తన హామ్‌స్టర్‌ను నెల్లాళ్లు ఎవరైనా చూడాలన్నారు. గుప్పెట్లో పట్టే జంతువు, పేరు బఠానీ. ఎంత ముద్దుపేరు పెట్టినా నా కళ్లకది ఎలుకే. నావల్ల కాదన్నాను. దుర్గ మాత్రం అడగకముందే పంజరం అందుకుంది. ఇంట్లో చప్పుడు చేసేది ఒకటుంటుంది కదా అంది.

ఇక దాని మీద తన శుభ్రం మొదలుపెట్టింది. రోజూ దాన్ని పట్టి బకెట్లో వేసి, కింద పరిచిన కాగితం ముక్కలన్నీ పారబోసి, పంజరం ఫినాయిలుతో కడిగి, కొత్తవి పరిచేది. నాలుగో రోజుకు బఠానీ తిండి మానేసింది. మూలకు నక్కింది. చెయ్యి పెడితే కరిచింది. దుర్గ వేలికి గుడ్డ చుట్టుకుని నా దగ్గరకొచ్చింది.

"చచ్చిపోద్దేమోనండి అమ్మగారూ. నా దగ్గర ఏదీ నిలవదండి" అంది.

కసిరేదాన్నే. ఆ రెండో మాట విని, నోరు మూసుకుని హెలెన్ గారికి ఫోన్ చేశాను.

దానికి కళ్లు సరిగా ఆనవట, తన ఇల్లు వాసనతోనే తెలుస్తుందట. అంతా ఒకేసారి కడిగేస్తే పరాయిచోట పడేశారని బెదిరిపోతుందట. తడిసిన మూల మాత్రం రోజూ తీసేసి, మిగతాది వారానికోసారి మార్చాలి. అప్పుడు కూడా పాత కాగితాలు ఒక గుప్పెడు ఉంచాలి. దాన్ని బయటికి తీయాలంటే, సాయంత్రం అది నిద్ర లేచాక, దానంతటది చిన్న డబ్బాలోకి ఎక్కేదాకా ఆగాలి. మంచినీళ్లు చాలు, ఫినాయిలు వద్దు. చేతులకు వాసన సబ్బూ పౌడరూ వద్దు.

చివరి మాటకు దుర్గ ముఖం చిన్నబోయింది. సబ్బు లేకపోతే తన చేతులెలా ఉంటాయో ఆమెకు తెలుసు.

అయినా చెప్పినట్టే చేసింది. ఉత్త నీళ్లతో చేతులు కడుక్కుని, పంజరంలో అరచెయ్యి పెట్టి అలాగే కూర్చునేది. వారం దాటాక ఒక సాయంత్రం సైగ చేసి నన్ను పిలిచింది. బఠానీ ఆ చేతిలో ముడుచుకుని నిద్రపోతోంది. చేపల వాసన నాకు కిటికీ దాకా కొట్టింది.

"నా వాసన వెతుక్కుంటా వచ్చిందండి" అంది మెల్లగా. కళ్ల నీళ్లు కారుతున్నా తుడుచుకోలేదు, కదిలితే అది లేస్తుందని.

జూన్‌లో హెలెన్ గారు వచ్చి, బఠానీ ఒళ్లు చేసిందని మెచ్చుకుని తీసుకెళ్లారు. దానికోసం కొత్తగా పెద్ద పంజరం కొన్నారట. దుర్గ పాత కాగితాలు గుప్పెడు కవరులో కట్టిచ్చి, అందులో ఇవి వెయ్యమని రెండుసార్లు చెప్పింది. ఆ రాత్రి ఆమె వాటాలో చప్పుడే లేదు.

మర్నాడు సాయంత్రం హెలెన్ గారు గేటు దగ్గర కనపడితే, బఠానీ ఏమైనా తిందా అని దుర్గ అడిగింది. ఇంకా లేదన్నారు. చెడ్డ మనిషి కాదు, కాస్త మొహమాటపడ్డారు కూడా.

"మీరేం అనుకోకండి. ఆ కాగితాలు చేపల వాసనేస్తున్నాయండి. పారేసి, అంతా కడిగి కొత్తవి వేశాను."

"మంచి పని చేశారండి" అంది దుర్గ.

ఆవిడ లోపలికి వెళ్లిపోయారు. తను చెప్పిన పాఠం తనే మర్చిపోయిన ఆ టీచరు మీద నాకు ఒళ్లు మండింది. తర్వాత నా మీద నాకే మండింది. ఏదో ఒకటి అనాలని దుర్గ వైపు ఒక అడుగు వేశాను. ఆమె ఒక అడుగు వెనక్కి వేసింది.

"వాసనండి, అమ్మగారూ" అంది.